కాకరకాయ కాకా

రైల్వేలో పార్సిల్ క్లర్కుగా చేసి నాందేడ్‌లోనే రిటైరైన ముత్తన్నకు అరవై రెండో ఏట పేరొచ్చింది. ముప్పై నాలుగేళ్లు మూటలకు చీటీలు అంటించినా స్టేషన్‌లో ఆయన మొహం గుర్తుపట్టినవాళ్లు లేరు. ఇప్పుడు కూరగాయల బజారుకు వెళితే, "కాకరకాయ కాకా అచ్చిండు!" అని బండ్లవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

దీనికి మొదలు కోడలు ప్రవీణ. ముత్తన్నకు రెండేళ్ల నుంచి షుగర్. రిటైరయ్యాక తోచక పొద్దున్నే గోదావరి ఒడ్డున గంటసేపు నడవడం, ఇంటికొచ్చి గ్లాసుడు కాకరకాయ రసం తాగడం అలవాటు చేసుకున్నాడు. ఆరు నెలలకు పరీక్ష చేయిస్తే షుగర్ బాగా తగ్గింది. ఆ సంబరంలో ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో రిపోర్టు పట్టుకుని నిలబడితే ప్రవీణ వీడియో తీసి నెట్‌లో పెట్టింది. రసం మింగాక ఆయన పెట్టిన మొహం చూసి నవ్వుకోవడానికే నాలుగు రోజుల్లో నలభై వేల మంది వచ్చారు.

తరువాతి వీడియోల్లో నడక గురించీ, రాత్రి పెందలాడే తినడం గురించీ సగం తెలుగులో, సగం మరాఠీలో చెప్పాడు. వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

"మామా, జర గట్టిగ చెప్పాలె. మెత్తగ చెప్తే ఎవరింటరు?" అంది ప్రవీణ.

ఏడో వీడియోలో ముత్తన్న ఛాతీ విరుచుకుని, "గోలీలెందుకు? నా గోలీ ఇదే!" అని కాకరకాయ పైకెత్తి చూపించాడు. లక్షా పదివేల మంది చూశారు.

అది చూసి భార్య రుక్మాబాయి, "గదేంది? నేను రోజు ఇచ్చే షుగర్ గోలీలు ఏడ వోతున్నయి?" అని అడిగింది.

"అవి నీ తృప్తికి మింగుతున్న," అన్నాడు ముత్తన్న.

అబద్ధమాడుతున్నానని ఆయన నిజంగానే అనుకోలేదు. ఆమె చేతిలో పెడుతుంది, ఆయన పేపరు చదువుతూ మింగేస్తాడు. కంచంలో ఊరగాయ వచ్చినట్టు అవీ వస్తాయి. కాకరకాయ రసమైతే ఆయన సొంత కష్టం.

ఒక మంగళవారం పొద్దున బిలోలి నుంచి గజానన్ అనే సోయా రైతు బస్సులో వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. సంచెడు కాకరకాయలు ముత్తన్న ముందు పెట్టి వంగి దండం పెట్టాడు.

"కాకా, మీ మాట ఇని అయిదు వారాల సంది గోలీలు బంద్ పెట్టిన. రెండు పూటల రసమే. బరువు గూడ మస్తు తగ్గిన, సూడుండ్రి," అని వదులైన చొక్కా పట్టుకు చూపించాడు.

ముత్తన్న పొంగిపోయాడు. "ప్రవీణా, ఫోన్ తే! గిసోంటి మనిషితోని ఒక వీడియో తియ్యాలె."

ప్రవీణ వెలుతురు చూసి ఇద్దరినీ కూర్చోబెట్టేలోపు గజానన్ రెండు చెంబుల నీళ్లు తాగాడు. వీడియో మొదలవగానే బాత్రూంకి వెళ్లొచ్చాడు. మళ్లీ మొదలుపెడితే మళ్లీ నీళ్లడిగాడు. మూడోసారి లేస్తూ తూలి గోడ పట్టుకున్నాడు.

అప్పుడే రుక్మాబాయి ఉప్మా ప్లేటు, నీళ్ల గ్లాసు, రెండు మాత్రలు పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. ముత్తన్న అలవాటుగా చెయ్యి చాపి, మాత్రలు నోట్లో వేసుకుని, నీళ్లు పోసుకున్నాడు. గజానన్ తననే చూస్తున్నాడని అప్పుడు గమనించాడు.

"కాకా... గవేంది?"

మింగాలో ఉమ్మాలో తెలియక ముత్తన్న బుగ్గలు ఉబ్బించుకుని అలాగే కూర్చున్నాడు. ప్రవీణ ఫోన్ దించేసింది.

"షుగర్ గోలీలు," అంది రుక్మాబాయి. "రెండేండ్ల సంది ఒక్క పూట తప్పలె. నువ్వు బంద్ పెట్టినవా నాయనా?"

అతను తలూపాడు. ఆమె ఇంట్లో ఉన్న షుగర్ మిషన్ తెచ్చి అతని వేలి మీద చుక్క రక్తం తీసింది. నాలుగు వందల ముప్పై ఎనిమిది.

ముత్తన్న గుటుక్కున మింగాడు.

ఆటోలో దవాఖానాకు వెళ్తుంటే డ్రైవరు అద్దంలో చూసి, "అరే, కాకరకాయ కాకా!" అన్నాడు. ఆ పేరు మొదటిసారి ఆయన చెవికి చేదుగా తగిలింది. "ముందటికి సూసి నడుపు," అన్నాడు.

ముత్తన్నకు వైద్యం చేసే డాక్టర్ నర్మద గజానన్‌ను వెంటనే చేర్చుకుని సెలైన్ పెట్టించింది, ఇన్సులిన్ మొదలుపెట్టింది. తరువాత వరండాలోకి వచ్చింది.

"కాకా, నడుస్తున్నరు, మంచిది. కాకరకాయ కూరగాయనే, తినుండ్రి. కానీ మీ షుగర్ తగ్గింది నడకతోని, తిండితోని, గోలీలతోని, అన్ని కలిస్తేనే. గోలీ తగ్గించుడు, ఆపుడు డాక్టర్ రిపోర్ట్ సూసి చెప్పాలె. ఆయన బరువు తగ్గింది రసంతోని కాదు, షుగర్ పెరిగి. ఇంకొన్ని రోజులు గిట్లనే ఉంటే పానం మీదికి అచ్చేది."

"నేను బంద్ పెట్టుమనలె డాక్టరమ్మా. ఎందుకు అని అడిగిన, గంతే."

నర్మద గజానన్ సెలైన్ చూడటానికి లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం కొత్త వీడియో తీశారు. ఆరుసార్లు "ఎవరో ఒకాయన గోలీలు బంద్ పెట్టిండట" అంటూ ముత్తన్న తప్పించుకోబోయాడు. ఏడోసారి రుక్మాబాయి వచ్చి పక్కన కూర్చుంది.

"నేను గోలీలు మింగుతున్న. మింగుకుంటనే మీకు ఎందుకన్న. తప్పు నాదే. మీ డాక్టర్‌ను అడగకుండ ఏది బంద్ పెట్టకుండ్రి," అని ఒక్క గుక్కలో చెప్పేశాడు.

తొమ్మిది వందల మంది చూశారు. 'మందుల కంపెనీకి అమ్ముడువోయిండు' అని ఒకడు కింద రాశాడు.

పాత వీడియో తీసేసే ముందు ప్రవీణ దాని కింద రాతలన్నీ వెతికింది. మాత్రలు మానేశామన్నవాళ్లు పదకొండు మంది తేలారు. వాళ్లకు మెసేజులు పెట్టి నంబర్లు సంపాదిస్తే ముత్తన్న ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. ఒకాయన పది నిమిషాలు తిట్టాడు. నాయ్‌గావ్‌లో మంగేశ్ అనే కుర్రాడు, "నాకు షుగరే లేదు కాకా. అందరు రాస్తున్నరని రాసిన," అన్నాడు. దెగ్లూర్‌లో సుశీలాబాయి అనే పెద్దావిడ అసలు నమ్మలేదు.

"మా కాకరకాయ కాకా గింత మెత్తగ మాట్లాడడు. ఫోన్ పెట్టు దొంగోడా!"

గురువారం ముత్తన్న భార్యను వెంటబెట్టుకుని దెగ్లూర్ బస్సెక్కాడు. సుశీలాబాయి గడపలోనే ఆపి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

"మనిషివి నువ్వే. మొన్నొక మాట, ఇయాలొక మాట. నిన్నెట్ల నమ్మాలె?" అని రుక్మాబాయి వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. నిజంగ మింగుతడా?"

"నా చేతులతోనే ఇస్త అక్కా. పొద్దుగాల ఒకపారి, రాత్రి ఒకపారి."

సుశీలాబాయి చెప్పులేసుకుంది. ముగ్గురూ సర్కారు దవాఖానాకు వెళ్లి వరసలో నిలబడ్డారు. షుగర్ పెరిగింది కానీ భయపడేంత కాదని చెప్పి, అక్కడి డాక్టర్ పాత మాత్రలే మళ్లీ మొదలుపెట్టమన్నాడు. ఆమె వాళ్లను ఇంటికి తీసుకెళ్లి జొన్నరొట్టెలు పెట్టాకే కదలనిచ్చింది.

తిరుగు బస్సులో గజానన్ భార్య పూనమ్ నుంచి ఫోనొచ్చింది. తన భర్త నయమై ఇల్లు చేరాడని చెప్పింది. ఆ మాట పూర్తవగానే మరాఠీలో దులపడం మొదలుపెట్టింది. ఫోన్ కట్ చేసే అవకాశం ఉన్నా ముత్తన్న చెయ్యలేదు. బస్సు నాయ్‌గావ్ దాటేదాకా, "హో తాయి, హో," అని మరాఠీలోనే 'అవునక్కా, అవును' అంటూ వింటూనే ఉన్నాడు. రుక్మాబాయి కిటికీ వైపు తిరిగి, నవ్వు కనపడకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.