ఇద్దరి జాగ

వాగు పొంగి, హన్మా దొడ్డిని బర్రెలతో సహా తీసుకుపోయిన ఏడాది అది. ఎనభై తొమ్మిదో, తొంభయ్యో. తండాలో ఆ లెక్క ఎవరికీ పట్టదు. ఏ వాన ఎవరిని ఏం చేసిందో, అదే లెక్క.

బర్రెలు పోయాక కూడా వాన తగ్గలేదు. ఆ పొద్దు సీతాబాయి రోజూలాగే రోడ్డు మలుపులో సాలి వెనక నిలబడి ఉంది. సాలి పొడుగు మనిషి, అద్దాల లంగా గొడుగులా విప్పి నిలబడుతుంది. పక్కన మంగ్లీ. ఇద్దరి వెనక సీతాబాయి, నెత్తి మీది ఓణీ ముఖం మీదికి లాక్కుని, ఊపిరి బిగబట్టి. జీపు ఆగి, ఆ ఇద్దరూ లోపల కాలు పెట్టిన తర్వాతే ఆమె కనబడాలి. ముందే కనబడితే కొందరు డ్రైవర్లు ఆపకుండానే పోతారు. మిరియాలగూడ మిల్లులో గేటు వేశాక లోపలికి రానీయరు. అట్లా పని పోయినవాళ్లను ఆమె చూసింది. నడిచి పోదామంటే మోకాళ్లు తండా దాటనీయవు.

గరిడేపల్లి దిక్కు నుంచి జీపు వచ్చి ఆగింది. జైరాం జీపు. పక్క తండా పిల్లగాడు, పెళ్లయి ఏడాది కాలేదు.

"ఇగ బయటికి రా సీతక్కా," అన్నాడు స్టీరింగు మీదికి వంగి. "సాలి ఎన్క ఎవరున్నరో నాకు ఎర్కనే. కొండను గడ్డిమోపు ఎన్క దాస్తరా ఎవరన్న?"

లోపలున్న వాళ్లు నవ్వారు. సీతాబాయి కూడా నవ్వింది. నవ్వకపోతే మరో మాట అంటారని.

"నువ్వు ఇద్దరి కిరాయి అడిగెదాన్కి దాయక ఏం జేస్తం?" అంది సాలి. "మేకపోతుకు కిరాయి లేదు. కోళ్ల గంపకు లేదు. మనిషికి ఇద్దరిదా?"

"మేకపోతు టాపు మీద కూసుంటది. అక్కను టాపు ఎక్కిస్తవా? ఎక్కియ్, ఒక్కరిదే తీస్కుంట."

మళ్లీ నవ్వులు. ఇద్దరి కిరాయి జీపు సేటు పెట్టిన మాట. పోయిన ఎండాకాలం జీపు కింద కమాను పట్టీ విరిగింది. ఆ రోజు లోపల పద్దెనిమిది మంది, టాపు మీద మిరపకాయ బస్తాలు. విరిగింది మాత్రం సీతాబాయి వల్ల అన్నారు. ఆమె కూడా అదే నమ్మింది. అప్పటి నుంచి ఇద్దరి కిరాయి ఇస్తుంది. ఇద్దరి జాగ మాత్రం ఒక్కనాడూ దక్కలేదు. ఆమె పక్కన వేలెడు సందు కనబడితే జైరాం ఎవరినో ఒకరిని కూరుతాడు. "జర జరుగు అక్కా" అంటాడు. ఆమె జరుగుతుంది, ఎటు జరగాలో తెలియకపోయినా.

ఎక్కడికి పోయినా, తను కూర్చోవాల్సిన బల్లనో కుర్చీనో ముందు చూస్తుంది. మనుషులు తర్వాత. మిల్లులో నూకలు చెరిగేటప్పుడు నేల మీదే కూర్చుంటుంది, నేల విరగదు కాబట్టి. పెళ్లయిన కొత్తలో సూర్యాపేటలో సినిమాకు పోతే కింద కుర్చీ విరిగింది. హాల్లో అందరూ తిరిగి చూశారు. ఆమె మొగుడు సేవ్యా, మార్కెట్లో బస్తాలు మోసే మనిషి, తన కుర్చీ వదిలి లేచి ఆమె పక్కన గోడకు ఆనుకుని సినిమా అయ్యేదాకా నిలబడ్డాడు. ఆ సినిమా ఏమిటో ఆమెకు గుర్తు లేదు. కుర్చీ చేసిన చప్పుడు మాత్రం ఇప్పటికీ నిద్రలో వినబడుతుంది.

జీపులో ఆమె చోటు వెనక ఎదురెదురు బల్లల్లో ఒకదాని చివర. ఆమె కాళ్ల దగ్గర ఒక నల్లరాయి ఉంటుంది. జైరాం జీపుకు బ్రేకు నిలవదు. ఎక్కడ ఆగినా ఆమె ఆ రాయి అందిస్తే కిందికి దూకినవాళ్లు చక్రం కింద పెడతారు. అదొక్కటే జీపులో ఆమె చేసే పని. అది చేసేటప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అనరు.

ఆ పొద్దు జైరాం దిగి వాగు దాకా నడిచి చూసి వచ్చాడు. తండా దాటగానే వాగు, దాని మీద నేలబారు వంతెన, చప్టా. చప్టా మీద నీళ్లు ఎర్రగా, మడత మడతలుగా పోతున్నాయి. అంచున పాతిన రాళ్ల తలలు కనబడుతున్నాయి. అతని ముఖంలో నవ్వు లేదు.

"అక్కా, నువ్వు ఎదురు నీళ్ల దిక్కు కూసో. ఆ బల్ల మొత్తం నీదే. ఎవర్నీ కూసోబెట్ట. ఇయ్యాల నీ కిరాయి వద్దు."

సీతాబాయికి అర్థం కాలేదు. మంగ్లీ అర్థం చేసుకుంది. "నీళ్లు నూకితె బండి ఒరగకుంట," అంది మెల్లగా.

"మరి నేను?" అంది సాలి.

"జాగ లేదు. ఎన్క వేలాడొద్దు, నీళ్లున్నయ్. అందర్ని అవతల దించి మళ్లొస్త, నిల్సో."

సాలి కళ్లు సీతాబాయి మీదికి తిరిగాయి. "రోజు నిన్ను నా ఎన్క దాస్తి. ఇయ్యాల నువ్వు ఇద్దరి జాగ ఏస్కొని పో, నేను ఒడ్డు మీద పడి ఉంట."

సీతాబాయి ఎక్కి కూర్చుని రాయిని కాలితో దగ్గరికి లాక్కుంది. బల్ల మొత్తం తనది. ఇటు అటు తాకే మనిషి లేడు. అంత ఖాళీలో కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. కమ్మీని రెండు చేతులా పట్టుకుంది.

జీపు నీళ్లలోకి దిగింది. మొదట చక్రాల చప్పుడు పోయింది. తర్వాత ఇంజను చప్పుడు కూడా దూరంగా ఎక్కడో ఉన్నట్టయింది. నీళ్లు ఆమె దిక్కు నుంచే వస్తున్నాయి. పక్క రేకును తడుతున్నాయి, లోపల ఎవరున్నారో చూడాలన్నట్టు. చల్లటి నీళ్లు అడుగు రేకు సందుల్లోంచి పాదాలకు తగిలాయి. జీపు ఒకసారి ఆవలికి జరిగింది. జానెడు కూడా కాదు. లోపల ఒక ముసలాయన దేవుణ్ణి పిలిచాడు.

"అక్కా, బరువియ్యి! ఇంక అంచుకు జరుగు!" జైరాం అరిచాడు.

బరువియ్యి అని ఆమెను బతుకులో ఎవరూ అడగలేదు. ఆమె నీళ్ల మీదికి ఒరిగి కూర్చుంది. కళ్లు మూసుకుంది. ఒళ్లంతా వణుకుతూ ఉంటే ఆ వణుకుకే జీపు జారిపోతుందేమోనని ఇంకా భయపడింది.

చక్రాలు మళ్లీ చప్పుడు చేశాయి. ఒడ్డు వచ్చింది.

అలవాటు కొద్దీ ఆమె రాయి అందించింది, మంగ్లీ చక్రం కింద పెట్టింది. అందరూ దిగారు. సీతాబాయి దిగి రోడ్డు మీదే కూర్చుండిపోయింది.

అవతలి ఒడ్డున సాలి చేతులు ఊపుతోంది. ఆమె పక్కన మరికొందరు చేరారు. జైరాం జీపు తిప్పి నిలబెట్టాడు.

"అక్కా, ఎక్కు. మళ్ల పోయొద్దాం. నువ్వుంటె బండి గట్టిగ నిలవడ్డది."

సీతాబాయి వాగును చూసింది. అంచు రాళ్ల తలలు ఇప్పుడు రెండే కనబడుతున్నాయి.

"వద్దు తమ్మీ. నా కాళ్లు వస్తలేవు. నువ్వు గూడ పోకు."

"సాలి తిట్ల కన్న నీళ్లే నయం," అని నవ్వాడు. "ఖాళీ బండే గద, ఉరికిస్త." మంగ్లీ రాయి తీసి జీపులో వేయబోతే, "ఆడనే ఉండనీ, ఇప్పుడె వస్త," అన్నాడు.

జీపు ఈసారి తేలిగ్గా, తొందరగా దిగింది. సగం దాకా బాగానే పోయింది. అక్కడ, వాకిట్లో ఎవరో మంచాన్ని పక్కకు జరిపినట్టు, నీళ్లు దాన్ని జరిపాయి. పెద్ద చప్పుడేమీ రాలేదు. జైరాం చెయ్యి ఒకటి కిటికీలోంచి బయటికి వచ్చింది, మలుపు తిరిగేటప్పుడు పెట్టినట్టే. తర్వాత చప్టా మీద నీళ్లు మాత్రం ఉన్నాయి.

రెండు ఒడ్ల మీదా అరుపులు.

సాయంత్రానికి జీపు వాగు దిగువన తుమ్మచెట్లలో దొరికింది. జైరాం లోపలే ఉన్నాడు.

"ఆమె కూసుంటె బండి పోకపోతుండె," అన్నారెవరో, ఆమెకు వినబడేటట్టే.

"కూసుంటె ఆమె గూడ పోతుండె," అంది మంగ్లీ.

ఆ రెండు మాటలూ, ట్రాక్టరులో దూరపు వంతెన చుట్టు తిరిగి, సీతాబాయి వెంట ఇంటిదాకా వచ్చాయి. ఆ రాత్రి ఆమె మంచం ఎక్కలేదు. నేల మీద కూర్చుని తెల్లారేదాకా కమ్మీ పట్టుకున్నట్టే మోకాళ్లు పట్టుకుంది.

తెల్లారి వాన తెరిపిచ్చింది. వాగు దిగిపోయింది. రోడ్డు మలుపులో సాలి ముందే వచ్చి నిలబడి ఉంది, లంగా విప్పి, ఎప్పటిలాగే. సీతాబాయి ఆమె వెనక్కి పోలేదు. ముందుకు వచ్చి నిలబడింది. సాలి కాస్త పక్కకు జరిగింది. గరిడేపల్లి దిక్కు నుంచి వేరే జీపు వచ్చింది. డ్రైవరు ఆమెను చూసి కాస్త నెమ్మదించి, ఆపకుండా పోయాడు.

"నడుద్దాం," అంది సీతాబాయి.

చప్టా మీద బురద జారుతోంది. ఆమె అడుగు వేసిన ప్రతిసారీ ఆగింది, కింద ఏదో కదిలిందేమోనని. సాలి వచ్చి చెయ్యి పట్టుకుంది, ఎదురు నీళ్ల దిక్కున.

అవతలి ఒడ్డున రోడ్డు నడుమ రాయి అట్లాగే ఉంది. సీతాబాయి వంగి, రెండు చేతులా ఎత్తి, పోయే బండ్ల చక్రాలకు తగలకుండా పక్కకు పెట్టింది. రాయి ఒక పక్క చక్రం ఒరిపిడికి నున్నగా అరిగి, నల్లటి రబ్బరు మరకతో, ఇంకా తడిగా ఉంది.