గోబర్ గ్యాస్ డ్రమ్ము గోడు

నేను ఒక ఇనుప డ్రమ్మును. ఇప్పుడంటే పాతసామాన్ల కొట్టు వెనక తుప్పు పట్టిపోతున్నాను గానీ, ఒకప్పుడు మాలకొండయ్య పెరట్లో పేడనీళ్ల గుంట మీద బోర్లించిన దర్జా నాది. గుంటలో కంటికి కనబడని జీవులు పేడనూ కూరగాయల తొక్కలనూ తిని గ్యాసు వదిలేవి. గ్యాసు నిండితే పైకి లేచేదాన్ని, పొయ్యి వెలిగితే కిందికి దిగేదాన్ని.

మొదట్లో ఊరివాళ్లు ముక్కులు మూసుకున్నారు. "పేడ గ్యాసు మీద వండిన కూడు ఎట్టా తింటారమ్మా!" అన్న పక్కింటావిడే, కట్టెలు తడిసిన రోజున టీగిన్నె పట్టుకుని వచ్చింది. మనుషులు కదా!

మాలకొండయ్య నన్ను తెచ్చింది భార్య చెంచమ్మ కోసం. కట్టెల పొగకు ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. పొగలేని నీలిమంట వచ్చాక దగ్గు తగ్గింది. గుంటలోంచి పొర్లిన మడ్డి మిరపచేనుకు ఎరువైంది. "చల్లగా ఉండు తల్లీ" అని ఆమె నా వీపు తడితే పొంగిపోయేదాన్ని.

ఒక వానాకాలం చెంచమ్మ జ్వరంతో ఆసుపత్రిలో పడింది. ఇల్లు శుభ్రంగా ఉంచమన్నాడు డాక్టరు. పిచ్చి మాలకొండయ్య! ఆమె వచ్చేలోగా గొడ్లచావిడంతా ఫినాయిల్ గుమ్మరించి రుద్దాడు. ఆ నీళ్లన్నీ కాలవ వెంట తిన్నగా గుంటలోకే వచ్చి, లోపలి జీవులను చంపేశాయి. నోరుంటే అరిచి ఆపేదాన్ని.

చెంచమ్మ ఇంటికొచ్చేసరికి నేను అడుక్కి దిగిపోయి ఉన్నాను. మెకానిక్ వచ్చి, వాసన చూసి తల పట్టుకున్నాడు. "ఫినాయిల్ పోశావా పెద్దాయనా? మొత్తం తోడేసి కొత్త పేడ పొయ్యాల. గ్యాసు రావాలంటే నెల పడతది."

మాలకొండయ్య గుంట తోడి, కొత్త పేడ పోశాడు. ఆమెను వసారాలో పడుకోబెట్టి, "నువ్వు లోపలికి రాబాక" అని కట్టెల పొయ్యి తానే ఊదాడు. తడికట్టెల పొగ వసారా దాకా పాకేది. ఆమె దగ్గినప్పుడల్లా అతను నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడు. "లెగు తల్లీ, కాస్త లెగు" అని బతిమాలేవాడు. లేవడం నా చేతిలో ఉందా? నా ఇనుప గుండె కూడా తరుక్కుపోయేది.

చెంచమ్మ పోయింది. పెద్దకర్మ నాటికి నేను నిండుగా పైకి లేచాను.

"గ్యాసు వచ్చిందిగా బావా, వంట దాని మీదే చేద్దాం" అంది చెంచమ్మ చెల్లెలు.

"వద్దమ్మా" అన్నాడు మాలకొండయ్య. "అది మీ అక్క కోసం తెచ్చింది."

పెరట్లో కట్టెలు పేర్చి, కళ్లు తుడుచుకుంటూ వండారు. పొద్దెక్కేకొద్దీ గ్యాసు నా అంచుల కిందనుంచి బుడగలు బుడగలుగా బయటపడి, ఎవరికీ ఒక ముద్ద ఉడికించకుండానే గాలిలో కలిసిపోయింది.