ఆకుగోడ తాగిన నీళ్ళు

నీళ్ళకోసం వచ్చిన జాలరిపల్లె లక్ష్మీదుర్గ బిందెను సెక్యూరిటీ గార్డు బూటుకాలితో తన్నాడు. అది ఇసుకదిబ్బ వాలున దొర్లి కంచెకు తగిలి ఆగింది. ముప్పై అడుగుల ఎత్తున ఆకుగోడకు మొక్కలు అమరుస్తున్న తలుపులమ్మ పరంజా మీదనుంచి అదంతా చూసింది. చూసి, చేతిలోని మొక్కను దాని గూటిలో పెట్టింది. పని ఆపలేదు.

ఆ కొత్త విమానాశ్రయాన్ని ప్రకృతిని చూసి కట్టారట. కప్పు చేప పొలుసుల్లా ఉంటుంది. స్తంభాలు కొబ్బరిచెట్లలా విచ్చుకుంటాయి. హాలుకు బయట ఒక పక్కంతా ప్రాణమున్న మొక్కల గోడ. పర్యావరణ పురస్కారం ఇచ్చే కమిటీ సోమవారం వస్తుంది. చేపను చూసి కప్పు గీసినవారు, పక్కనే చేపలు పట్టే నూటపది గడపల పల్లె మనుషులు ఏ నీళ్ళు తాగుతారో అడగలేదు.

నీళ్ళ గురించి ఒక్కసారి అడిగారు, అదీ మొక్కల కోసం. కడియం నర్సరీల్లో ఇరవై ఏళ్ళు పనిచేసి, ముప్పైమంది ఆడకూలీలకు మేస్త్రిగా వచ్చిన తలుపులమ్మనే అడిగారు. నారుకు పెట్టే నీటిని ముందు పుక్కిట పట్టి ఉప్పు చూడటం ఆమె పనిలో భాగం. కాంట్రాక్టరు గణేష్‌బాబు మూడు చోట్ల నీళ్ళు తెప్పించాడు. రెండు ఉమ్మేసింది. మూడోది మింగింది.

“ఇవి పెట్టండి బాబూ. ఉప్పు పడని తమలపాకు కూడా బతుకుద్ది.”

ఎక్కడివని అడగలేదు. అవి దిబ్బ మీది పల్లె బావివి. వారం తిరక్కుండా అందులో మోటారు దిగింది, చుట్టూ కంచె లేచింది.

దిబ్బ కింద మంచినీరు పలుచని పొర. రోజంతా తోడితే అడుగునుంచి సముద్రం పైకి వస్తుంది. ఈ సంగతి అక్కడి పసిపిల్లలకు తెలుసు. ఇంజనీర్లకు తెలియదనుకోవడం వారి చదువును అవమానించడమే.

బిందె దొర్లిన రోజు సాయంత్రం తలుపులమ్మ పల్లెకు వెళ్ళింది. లక్ష్మీదుర్గ బిందె సొట్ట తీస్తోంది.

“ఏంటండీ, మీ గోడకి దాహం తీరిందా?”

“ఓ గుక్క నీళ్ళు పొయ్యమ్మా.”

గార్డు భోజనానికి వెళ్ళినప్పుడు తోడుకున్న నీళ్ళవి. ఉప్పగా తగిలాయి. ఉమ్మడానికి తలుపులమ్మకు ముఖం చెల్లలేదు. మింగింది.

“ఈ నీళ్ళే పెట్టమంది నేనేనమ్మా.”

వలలు ఆరబెట్టిన చోట పల్లె అంతా చేరింది. వెనకాలే కడియం ఆడవాళ్ళూ వచ్చారు. ముసలి జాలరి చంద్రరావు నిలదీశాడు.

“మమ్మల్ని ఎండగట్టింది నీ నోరా?”

“మా మేస్త్రికేం తెలుసండి? చెప్పిన పని చేసింది,” అంది కూలీ బేబీ.

“అలా అనకే. ఎవరివని అడగలేదు నేను. మొక్క బతికితే చాలనుకున్నా.” తలుపులమ్మ కళ్ళు తుడుచుకుంది.

“ఏడవకండి, అందులోనూ ఉప్పే,” అంది లక్ష్మీదుర్గ. “గోడకి మొక్కలు మార్చేదెవరు?”

“మేమే. చచ్చినవి రోజూ తీసి కొత్తవి పెడతాం.”

“మోటారు వేసేది?”

“మేమే.”

“మరింకేంటండీ ఆలోచన?”

“పని పోద్ది,” అంది బేబీ. “వేరేవాళ్ళని తెస్తారు.”

“రానీ. మేమూ వాళ్ళతో మాట్లాడతాం,” అన్నాడు చంద్రరావు.

సోమవారం తెల్లవారకముందే కంచె పడిపోయింది. మోటారు ఆగింది. బావి చుట్టూ పల్లె ఆడవాళ్ళు, కడియం ఆడవాళ్ళు కలిసి కూర్చున్నారు. పదిగంటల ఎండకు గోడ వాడింది. కమిటీ కార్లు దిగేసరికి ఆకులు వేలాడుతున్నాయి.

గణేష్‌బాబు పరుగున వచ్చాడు. “తలుపులమ్మా, గంటసేపు నీళ్ళు వదులు. తర్వాత మాట్లాడుకుందాం.”

“మోటారు దించకముందు మాట్లాడాల్సిందండి. అప్పుడు నేనూ మాట్లాడలేదు.”

“సాయంత్రానికి కడియం నుంచి వేరే మొక్కలొస్తాయి, వేరే మనుషులొస్తారు. చూసుకో.”

అతని వెనకే పోలీసులు వచ్చారు. మోటారు ఆపిందెవరని ఎస్సై అడిగాడు.

“నేనండి. నేనొక్కదాన్నే,” అంటూ తలుపులమ్మ లేచింది.

లక్ష్మీదుర్గ ఆమె చెయ్యి పట్టి లాగింది. “తప్పంతా మీరే మూటగట్టుకుపోతారేంటి? మాకూ కాస్త ఉంచండి. నేనూ ఆపానండి ఎస్సైగారూ, రాసుకోండి.”

“నేనూనండి,” అంది బేబీ. ఆపైన ఎవరు అంటున్నారో తెలియలేదు.

వ్యానులో పన్నెండుమందే పట్టారు. మిగిలినవారిలో సగంమంది వ్యాను వెనక నడిచారు, సగంమంది బావి దగ్గరే ఉన్నారు.

తలుపులమ్మ తల దించుకునే కూర్చుంది. సిగ్గు పోలేదు. పోవాలని ఆమె కోరుకోనూ లేదు. పక్కన బేబీ ఫోను మోగింది. విని, తలుపులమ్మ వైపు వంగింది.

“కడియంలో మనోళ్ళు లారీకి మొక్కలు ఎత్తడం మానేశారంటమ్మా.”

తలుపులమ్మ తలెత్తింది. “ఎంతమంది?”

“అందరూనంట.”