జబ్బలో పుల్ల

శనివారం మధ్యాహ్నం తుజ్ రాజేయడం నా పని. వంటింటి వెనక మట్టి ఇటుకలతో కట్టిన ఆవిరి గది అది. పాక్కుంటూ లోపలికి దూరాలి. రాళ్ళు ఎర్రబడేదాకా కట్టెలు ఎగదోయాలి, పొగ పోయేదాకా కళ్ళు నులుముకుంటూ కాపలా కాయాలి, నీళ్ళ కుండా ఆకుల కట్టా సర్దిపెట్టాలి. అంతా అయ్యాక మొదటి స్నానం మా ఆయన మకారియోది. రాజేసేది నేను, రాజు ఆయన. మంచి వేడంతా వాడుకుని, ఉడికిన టమాటాలా బయటికొచ్చి ఆయన బల్ల మీద వాలాక, మిగిలిన గోరువెచ్చదనం ఆడవాళ్ళది.

మా అత్త బసీలియా, నేను కలిసి దూరతాం. ఆ చీకట్లో, ఒంటి మీద నూలుపోగు లేకుండా, మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేలా కూర్చుంటాం. కోడలి ఒళ్ళు అత్త రుద్దాలి. అది మా వాళ్ళలో మర్యాద. వద్దనడమంటే ఆవిడ మొహాన తలుపేయడమే. ఆ శనివారం ఆవిడ నా వీపు రుద్ది, మెడ రుద్ది, ఎడమ జబ్బ దగ్గరకొచ్చి ఆగింది. బొటనవేలితో నొక్కింది. మళ్ళీ నొక్కింది.

“ఇదేమిటే కందెలారియా? చేపముల్లు గుచ్చుకుందా?”

“కండ అత్తా. బఠాణీలు ఏరి ఏరి కండలు తిరిగాయి.”

“కండైతే ఒక్క చేతికే వచ్చిందా? అగ్గిపుల్లలా ఉందే! పిల్లలు పుట్టకుండా నర్సులు ఏవో పుల్లలు పెడుతున్నారటగా. ప్రార్థనలో అందరూ చెప్పుకుంటున్నారు.”

“ప్రార్థనలో దేవుడి సంగతి తప్ప అన్నీ చెప్పుకుంటారు మీరు.”

ఆవిడ నవ్వలేదు. ఆకుల కట్ట కింద పెట్టేసి, పాక్కుంటూ బయటికి పోయింది. ఆవిరి గదిలో నా రహస్యం అలా ఆవిరైపోయింది.

తప్పు నర్సమ్మది కాదు. ఆవిడ పట్నపు మనిషి. తలుపు గడియేసుకుని ఒక్కతే స్నానం చేసే జాతి. “చిన్న పుల్ల, చర్మం కింద ఉంటుంది, ఎవరికీ కనపడదు” అంది. నిజమే, కనపడలేదు. నేను నేసుకున్న రవిక చేతులు మోచేతిదాకా ఉంటాయి. మా ఆయనకు నా జబ్బలతో ఏనాడూ పనిపడలేదు. కనపడకుండా ఉంటే చాలనుకున్నాను గానీ, శనివారం శనివారం తడిమే చెయ్యి ఒకటుందని మరిచిపోయాను. తర్వాత తుజ్‌లోకి వంగబోతుంటే గుర్తొచ్చింది. అప్పట్నుంచీ జలుబనీ, నెలసరి అనీ, పక్కకు తిరిగి కూర్చునీ నెట్టుకొచ్చాను. సాకులు మాత్రం ఎన్నాళ్ళని పనిచేస్తాయి? వాటికీ సెలవు కావాలి కదా.

నేను పనిచేసేది ఎగుమతి షెడ్డులో. ఓడెక్కి పోయే బఠాణీ కాయలు ఏరే పని. తలకు వల, కాళ్ళకు రబ్బరు బూట్లు, పొద్దంతా నిలువుకాళ్ళ మీద. మచ్చ ఉన్న కాయ పక్కకు, వంకర కాయ పక్కకు, కడుపు ఉబ్బిన కాయ పక్కకు. ఆడవాళ్ళనూ అలాగే ఏరతారు. ఉన్నట్టుండి సూపర్‌వైజర్ ఒక ప్లాస్టిక్ కప్పు చేతికిచ్చి మరుగుదొడ్డి తలుపు దగ్గర నిలబడతాడు. “సిగ్గెందుకమ్మా, పోసి పట్రా, నేనేం తాగుతానా?” అని వాడి జోకు. కప్పులో ముంచిన కాగితం మీద రెండో గీత పడిందా, ఆ సాయంత్రమే బూట్లు విప్పేసి ఇంటికి. ఇంట్లోనేమో మా అత్త ప్రతి నెలా నేను ఉతికి ఆరేసిన గుడ్డలు చూసి నిట్టూరుస్తుంది. నెల తప్పితే షెడ్డులో తప్పు, తప్పకపోతే ఇంట్లో తప్పు. మా ఆయన మందు తాగితే అలసట తీరడానికి, నేను మందు పెట్టించుకుంటే సంసారం కూలడానికి. పురుడు నాది, పురుషుడు ఆయన. మధ్యలో ఒక్క అక్షరం ఎక్కువ ఉన్నందుకే ఇంత పెత్తనం.

పెద్దది రోసెండా. దాని తర్వాత ఎల్విరా. ఆపైన ఇద్దరు మట్టిలో కలిశారు. ఆఖరున లిదియా. లిదియా పుట్టినప్పుడు నెత్తురు ఆగలేదు. నన్ను దుప్పట్లో చుట్టి, కూరగాయల వ్యాను వెనక పడుకోబెట్టి ఆసుపత్రికి దించారు. ఆ దుప్పటి తర్వాత ఎన్నిసార్లు ఉతికినా రంగు వదల్లేదు. “గింజ దక్కింది, బెండు ఎటుపోతేనేం” అంది మా అత్త. ఓ క్షణం ఆగి, “అదీ ఆడగింజేనాయె” అంది. నేను మంచాన పడ్డాను. మొక్కజొన్న ఉడకేయడానికి, రుబ్బడానికి, పసిదాన్ని మోయడానికి రోసెండాను బడి మాన్పించారు. “అమ్మ లేచేదాకానే” అన్నాడు మకారియో. నేను లేచాను. రోసెండా మాత్రం మళ్ళీ బడి గడప తొక్కలేదు. ఇప్పుడు పదిహేడేళ్ళకే దాని చంకలో బిడ్డ.

ఇక ఎల్విరా. పద్నాలుగేళ్ళది, హైస్కూల్లో ఉంది. మా ఇంట్లో అంత దూరం వెళ్ళిన మొదటి ఆడపిల్ల. నాకు ఇంకో కడుపొస్తే నేను బతుకుతానో లేదో ఆసుపత్రివాళ్ళే చెప్పలేకపోయారు; బతికినా, రుబ్బుడురాయి మాత్రం దాని వంతే. నా జబ్బలో ఉన్నది పుల్ల కాదు, ఎల్విరా బడి.

ఆ సాయంత్రం అందరం పొయ్యి చుట్టూ కూర్చున్నాం. నేను రొట్టెలు తడుతున్నాను. ఎల్విరా చెల్లికి జడ వేస్తోంది. మకారియో రొట్టె చిక్కుళ్ళలో ముంచి, నింపాదిగా నమిలి మింగాడు.

“మా అమ్మ చెప్పింది.”

“మీ అమ్మ చెప్పనిదేముంది?”

“నవ్వులాటలొద్దు. ఎవర్నడిగి పెట్టించుకున్నావు?”

“నా చేతినడిగాను. సరేనంది.”

పళ్ళెం విసిరేస్తాడనుకున్నాను. విసరలేదు. ఆయన అరిచేటప్పుడు నాకంత భయం ఉండదు. గొంతు తగ్గించాడంటేనే భయం.

“ఊళ్ళో నన్నేమంటున్నారో తెలుసా? మకారియో చేలో కలుపు తప్ప మొలవదంట. నువ్వేమో మొగాడిలా షెడ్డుకు పోతావు, ఒంట్లో పుల్లలు పెట్టించుకుంటావు. సరే, పెట్టుకో. కానీ ఇంట్లో ఆడదాని పని ఎవరో ఒకరు చెయ్యాలిగా. ఎల్విరా చేస్తుంది. ఆ పుల్ల ఉన్నంతకాలం దానికి బడి లేదు. తీయించుకున్నావా, మర్నాటి నుంచే పంపిస్తా.”

జడ వేస్తున్న చెయ్యి ఆగిపోయింది.

మా ఆయన తక్కెడ అలాంటిది. పుల్ల ఉంచుకుంటే పిల్ల ఇప్పుడే బడి మానాలి. తీయించుకుంటే నాకు కడుపొచ్చాక మానాలి. ఎటు వంచినా ముల్లు రుబ్బుడురాయి వైపే చూపిస్తుంది.

“తీయించుకుంటాను” అన్నాను.

“నీ మాట నేను నమ్మను. మా అమ్మ కళ్ళారా చూస్తుంది. ఎల్విరా నర్సుతో మాట్లాడుతుంది.”

నర్సమ్మ మాట్లాడే స్పానిష్ మా అత్తకు ఒక్క ముక్క రాదు. నర్సమ్మకు మా భాష రాదు. షెడ్డులో తిట్లు తిని తిని నాకు స్పానిష్ బాగానే అర్థమవుతుంది గానీ, ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మంగళవారం ముగ్గురం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం. నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. మా అత్త ఎదురుగా, సాక్ష్యం చెప్పడానికొచ్చినట్టు నిలబడింది.

“చెప్పవే మనవరాలా, మీ అమ్మ జబ్బలో ఉన్నది పీకెయ్యమను. వేళ్ళతో సహా పీకమను.”

ఎల్విరా నర్సమ్మ వైపు తిరిగింది. పాఠం అప్పజెప్పినట్టు, ఎక్కడా తడబడకుండా స్పానిష్‌లో చెప్పింది: “మేడమ్, పుల్ల తీసెయ్యండి. మా నానమ్మ కళ్ళముందే తీయాలి. తర్వాత మా అమ్మకు మూడు నెలల సూది వేయండి. అది పుండు మానడానికని నానమ్మతో చెబుతాను. ఇంకో బిడ్డ పుడితే మా అమ్మ బతకదు.”

నర్సమ్మ చేతిలో దూది ఆగింది. నా కళ్ళలోకి చూసి, “నీకిష్టమేనా?” అంది.

తలూపాను.

“ముక్క చెప్పమంటే అంత పొడుగు మాట్లాడావేమే?” అంది అత్త.

“స్పానిష్‌లో మర్యాదలెక్కువ నానమ్మా. ముందు క్షేమాలడగాలి.”

చెయ్యి మొద్దుబారింది. చిన్న కోత. తెల్లటి పుల్ల బయటికొచ్చింది. మా అత్త దాన్ని అరచేతిలో వేసుకుని, “ఇంత లేదు, దీనికా మా వంశం ఆగింది!” అంది. గుడ్డముక్కలో చుట్టి రవికలో దోపుకుంది. తర్వాత సూది చూసి అడిగింది, “మళ్ళీ ఇదెందుకు?”

“చీము పట్టకుండా నానమ్మా.”

“వేయమను, వేయమను. చెయ్యి పడిపోతే రొట్టెలెవరు తడతారు?”

తిరుగుదారిలో అత్త ముందు నడిచింది. నేనూ ఎల్విరా వెనకబడ్డాం. దాని మొహం కడిగిన పళ్ళెంలా ఉంది. అంత అబద్ధం చెప్పి కనురెప్ప కూడా ఆర్పని పిల్లను చూసి నాకు గర్వమేసింది. కానీ నేను పొద్దున్నే లేచి రుబ్బి, పగలంతా నిలబడి, నవ్వి, నవ్వించి దాన్ని బడికి పంపింది ఇందుకా? అది నేర్చుకున్న చదువు తల్లి కడుపును దాచిపెట్టడానికా?

“సూది సంగతి నీకెలా తెలుసే?”

“రోసెండా అక్కకు నేనేగా మాట సాయం వెళ్ళింది.”

“మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?”

ఎల్విరా రోడ్డు వంక చూస్తూ నడిచింది. “నువ్వు జోకులేస్తావని” అంది.



సాయంత్రం మా అత్త గుడ్డముక్క విప్పి చూపించింది. మకారియో పుల్లను రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి పొయ్యిలో పడేశాడు. కాస్త వాసనొచ్చింది, అంతే.

“రేపట్నుంచి ఎల్విరా బడికెళ్తుంది” అన్నాను, రొట్టె తడుతూ.

“బడా?” ఆయన కాళ్ళు చాపుకున్నాడు. “అలా కాదులే. కొన్నాళ్ళలో నీకు కడుపొస్తుంది. షెడ్డులో నీ జాగా పోతుంది. పోయినాక ఏడ్చేకంటే ముందే చూసుకోవాలిగా. ఇవాళ మీ సూపర్‌వైజర్‌తో మాట్లాడాను. నీ జాగాలో పిల్లను పెట్టుకుంటానన్నాడు. పొడుగ్గా ఉంది కదా, వయసడగడు. వచ్చే వారం నుంచి రమ్మన్నాడు.”

“మర్నాటి నుంచే అన్నావు.”

“మర్నాడన్నాను గానీ ఏ మర్నాడో అన్నానా?” అని నవ్వాడు. మా అత్త కూడా నవ్వింది. ఈ ఇంట్లో మాటలతో ఆడేది నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఎల్విరా నవ్వలేదు, ఏడవలేదు. నా వంక చూసింది. సూది సంగతి మా ఇద్దరికే తెలుసు. నేను నోరు మూసుకుంటే చాలు, మూడు నెలలు నాకు క్షేమం. తర్వాత ఇంకో మూడు నెలలు. ఏటికేడాది ఆయన నా కడుపు కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు, నేను పిల్లల్లేని పొట్టేసుకుని ఇంట్లో రుబ్బుకుంటూ ఉంటాను. ఎల్విరా పొద్దున్నే తలకు వల కట్టుకుని నా చోట నిలబడుతుంది. మరుగుదొడ్డి తలుపు దగ్గర కప్పు పట్టుకుని వాడు నిలబడతాడు. “సిగ్గెందుకమ్మా” అంటాడు. నా క్షేమానికి అది కాపలా.

పెనం మీది రొట్టె తీసి బుట్టలో వేశాను. చేతులకంటిన పిండి దులుపుకున్నాను.

“నాకు కడుపు రాదు” అన్నాను.

“ఏంటీ?”

“ఇవాళ వేయించుకున్న సూది పుండుకు కాదు, పిల్లలు పుట్టకుండా. మూడు నెలలయ్యాక మళ్ళీ వేయించుకుంటాను. ఆ తర్వాతా వేయించుకుంటాను. నాకు స్పానిష్ వచ్చు, నర్సమ్మతో ముందే నేనే మాట్లాడి పెట్టుకున్నాను. పిల్లకేం తెలీదు. షెడ్డులో నా జాగా ఖాళీ కావడంలేదు. ఎల్విరా బడికే పోతుంది.”

మా అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పొయ్యిలో కట్టె చిటపటమంది.

“ఎల్విరా,” అన్నాను, “చెల్లిని తీసుకుని అక్కావాళ్ళింటికి పో. నీ పుస్తకాలు కూడా పట్టుకుపో.”

అది లిదియాను చంకనేసుకుంది. గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగింది. వెళ్ళమన్నట్టు తలూపాను. పెరటి తడిక మూసుకున్న చప్పుడు వినపడింది.

మకారియో బల్ల మీంచి లేచాడు.

నేనూ లేచాను.