ఎక్స్‌రే రేకుల మోత

రెండో అంతస్తు నడవా సగం తుడిచేసరికే ఎవేలియోకు ఊపిరి అందలేదు. తుడుపుకర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. ముంజేతులు మాత్రం ఇంకా తాళ్లు పేనినట్టుంటాయి. మెదెయీన్ నగరంలోని ఈ ఆసుపత్రిలో అతనికి తెలిసిన పని తుడవడమే. ఒకప్పుడు చెడిపోయిన ఎక్స్‌రే రేకులు పారేయడం కూడా అతని వంతే. ఒక్కటీ పారేయలేదు, ఇంటికి మోసుకుపోయాడు. ఆ రోజుల్లో మా కొండవాడల్లో డ్రమ్ముకు తోలు కొనే తాహతు ఎవరికుంది? అందరూ ఎక్స్‌రేలే బిగించేవారు.

ఎవరిదో విరిగిన తుంటిని కొట్టి, ఎవరివో పక్కటెముకలను తన్ని, ఎనభై ఆరులో ఎవేలియోతో కలిపి ముగ్గురు కుర్రాళ్లు ఒకే ఒక్క క్యాసెట్ చేశారు. బృందం పేరు కాల్ వీవా. డెత్ మెటల్ సంగీతం అనే మాట అప్పటికి వాళ్ల చెవిన పడలేదు. ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు గానీ, ఒక కాపీ ఎలాగో నార్వే చేరింది. అక్కడి కుర్రాళ్లు ఆ గరగర మోత ఏదో రహస్య విద్య అనుకుని, ఖరీదైన డ్రమ్ములతో అది రాక ఏళ్ల తరబడి జుట్టు పీక్కున్నారు. అది తలచుకుంటే ఎవేలియోకు నవ్వాగదు. ఆసుపత్రిలో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం నోర్బెర్టో క్యాంటీన్‌కు కాగితాలు పట్టుకొచ్చాడు. అప్పట్లో గిటారు అతనిదే; ఇప్పుడు బస్సు నడుపుతాడు. పాడిన మూడోవాడు వీధిలో తూటా తగిలి ఎప్పుడో పోయాడు.

"జర్మనీవాళ్లు మన క్యాసెట్ మళ్లీ వేస్తారంటరా. డ్రమ్ముల మోత కంప్యూటర్లో శుభ్రం చేస్తారంట, అంతే. సంతకం పెట్టు."

"శుభ్రం చెయ్యడానికి నేను చాలనా? పొద్దుట్నించీ అదే చేస్తన్నా."

"వెటకారం తర్వాత. నీ ఊపిరితిత్తుల గురించి డాక్టరేమన్నాడో నాకు తెలుసు. కళ్లారా చూసుకుని పోవాలని లేదా?"

ఎవేలియో అరెపా రొట్టె ముక్క నిదానంగా నమిలి మింగాడు. "ఉంది. మనదైతే చూస్తా. కడిగేశాక అది ఇంకెవడిదో."

"కాగితంలో అక్షరం కూడా మార్చరంట."

"అయితే మానేయమను. ఒకణ్ణి బతిమాలి వాయించామా మనం?"

నోర్బెర్టో కాగితాలు బల్లమీదే వదిలేసి విసురుగా వెళ్లిపోయాడు.

మూడింటికి ఎవేలియో ఆగి ఆగి కొండమెట్లు ఎక్కాడు. అతని గది మేడమీద. కింది ఇంటి రుబియేలా ముప్పై ఏళ్లుగా ఆ మోతను తిట్టిపోస్తున్న మనిషి. గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"అంత దగ్గుతా కూడా ఇవాళ వాయిస్తావా?"

"ఇవాళ ఇంకా గట్టిగా, దోన్యా రుబియేలా. చెవుల్లో దూది పెట్టుకోండి."

"నీ ముక్కుల్లోనే పెట్టే రోజొస్తదిలే."

గంటసేపు గోడలు అదిరాయి. ఆమె చీపురుకర్రతో పైకప్పును పొడిచింది. మోత పెరిగింది. తర్వాత ఆగిపోయింది. రుబియేలా కాఫీ కాచుకుంది, తాగలేకపోయింది. నోరు జారినందుకు తనను తానే తిట్టుకుంటూ మేడ ఎక్కింది.

ఎవేలియో పీట మీదే గోడకు ఒరిగి ఉన్నాడు, రెండు చేతుల్లోనూ పుల్లలతో. ఆమె అతని కళ్లు మూసింది.

కబురంది, బస్సును దారిలోనే వదిలేసి వచ్చిన నోర్బెర్టో సిగ్గుపడకుండా ఏడ్చాడు. తను క్యాంటీన్‌లో వదిలేసిన కాగితాలు పెద్ద డ్రమ్ము మీద ఉన్నాయి. కింద సంతకం స్పష్టంగా ఉంది. పైన, మోత శుభ్రం చేస్తామన్న వాక్యం ఉన్నచోట, కలంతో కొట్టేసిన కొట్టుడుకు కాగితం ఈ చివర నుంచి ఆ చివరదాకా చిరిగిపోయి ఉంది.