తేలికే అన్న మెట్టు

పాలు పొంగి పొయ్యంతా కారాయి. "మళ్ళీ గోడకేసి చూస్తూ నిలబడ్డావా?" అంది అత్తగారు. అదే గోడకేసి కొడుకు చూస్తూ కూర్చుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. "వాడు ఆలోచిస్తున్నాడు, కదిలించకు" అని ఆవిడే కాపలా కాస్తుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే పరిశోధన సంస్థలో గణితం చేస్తారు. ఆయన చూస్తే ఆలోచన, ఆమె చూస్తే పరధ్యానం!

పొయ్యి తుడుస్తోందన్న మాటే గాని ఆమె మనసు అక్కడ లేదు. మధ్యాహ్నం సంస్థలో ఆయన సెమినార్. ఆయన చెప్పబోయే నిరూపణ మొత్తం ఏ మెట్టు మీద నిలబడిందో ఆ మెట్టు ఆమెది. కూరలు తరుగుతూ, జ్వరంతో ఉన్న పిల్ల పక్కన కూర్చుని నెలల తరబడి అల్లుకున్నది. "పరిశోధన పత్రంలో నా పేరు?" అని అడిగితే ఆయన నవ్వాడు. "చివర్లో నీకు కృతజ్ఞతలు చెప్తాగా. మన మధ్య నీదీ నాదీ ఏమిటి?" అంట్లగిన్నెల దగ్గర మాత్రం ఈ ముక్క ఆయనకెప్పుడూ గుర్తు రాలేదు. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం ఆమెది. పర్మనెంట్ చెయ్యమంటే డైరెక్టరు, "మీ సొంత పని ఏదో చూపించండమ్మా" అన్నాడు. ఒళ్ళు మండింది. అప్పట్నుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆ సంస్థలో ఒక అలవాటుంది. సెమినార్‌లో ఎవరైనా సరే మధ్యలో ఆపి "ఎందుకు?" అని అడగొచ్చు. జవాబు చెప్పేదాకా బండి ముందుకు కదలదు.

మధ్యాహ్నం ఆయన ఆ మెట్టు బోర్డు మీద రాసి, "ఇది తేలికే" అంటూ దాటబోయాడు.

"ఎందుకు?" అన్నారు ముందు వరసలోని పెద్ద ప్రొఫెసరుగారు.

ఆయన ఏదో రాశాడు, చెరిపాడు. మళ్ళీ రాశాడు. ఆఖరికి ఆమెకేసి చూశాడు, ఇంట్లో తువ్వాలు కనబడనప్పుడు చూసినట్టే. "నేను మర్చిపోయాను, నువ్వోసారి గుర్తుచెయ్యి" అన్నాడు.

ఒక్క మాట అందిస్తే ఆయన గట్టెక్కుతాడు. సాయంత్రం ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆ మాట నాలుక చివరే ఉంది. ఆమె లేచి బోర్డు దగ్గరికి నడిచింది. ఆయన చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది.

"మీరు మర్చిపోలేదండీ, మీకు తెలియదు. ఇది నేను చేసింది. కూర్చోండి, చెప్తాను."