ఊరు జరుగుతున్న వైపు

"కాలరు దగ్గర ఇంకోసారి రుద్దు, ముడతలు కనిపిస్తున్నాయి" అన్నారు మా ఆయన అద్దంలో చూసుకుంటూ. ఇస్త్రీ పెట్టె మళ్లీ ఎత్తాను. ఈ రోజే రిజిస్ట్రేషన్. పాత బజారులోని నా కుట్టు షాపు అమ్మేసి, ఆ డబ్బుతో ఊరి చివర కొత్త కాలనీల్లో రెండు షట్టర్లు కొంటున్నారు. ఒకటి ఆయన పేరు మీద, ఒకటి మా మరిది పేరు మీద. అమ్మేది మాత్రం నా పేరు మీద ఉన్నది.

అదైనా నా మీద ప్రేమతో రాయించింది కాదు. నేను కుట్టి సంపాదించిన డబ్బుతోనే కొన్నా, తన పేరు మీద రాయించుకోబోయారు. ఆడవాళ్ల పేరు మీదైతే పన్ను తగ్గుతుందని చివరి నిమిషంలో ఎవరో చెప్పారు. అలా నేను ఓనరునయ్యాను.

ఊరు అటు జరుగుతోందని ఈ ఇంట్లో ముందు అన్నది నేనే. పిల్లల యూనిఫారాలు ఏటా పొడుగు చేయించుకునే తల్లులు ఒక్కొక్కరే అటు మారిపోయారు. ఒక టీచరమ్మ రెండు బస్సులు మారి మరీ నా దగ్గరికే వచ్చేది. "అక్కడ చిన్న గుండీ కుట్టించుకోవాలన్నా దిక్కులేదండీ, మీరూ వచ్చేయకూడదూ?" అని ఒకటే పోరు. ఒక రోజు భోజనాల దగ్గర ఆ మాటే ఎత్తాను. "బట్టలు కుట్టుకునేదానివి, నీకెందుకే ఈ గొడవలన్నీ" అని ఆయన నవ్వారు. మా మరిదీ నవ్వాడు. మా అత్తయ్యా నవ్వింది, ఎందుకో ఆవిడకే తెలియదు. ఏడాది తిరక్కుండా మా మరిది ఏదో వీడియో చూసొచ్చి అదే మాట చెప్పాడు. "బుర్రంటే వీడిదిరా!" అని ఆయన మురిసిపోయారు. నేను వడ్డిస్తూనే ఉన్నాను.

పోయిన ఆదివారం అందరం వెళ్లి చూసొచ్చాం. గోడలింకా పచ్చి సిమెంటు వాసన వేస్తున్నాయి. ఎదురుగా ఉన్న అపార్టుమెంట్లలో బాల్కనీ బాల్కనీకీ పిల్లల బట్టలు ఆరేసున్నాయి. రెండో షట్టర్లో నిలబడగానే నా కళ్లు వాటంతటవే కొలతలు తీసేసుకున్నాయి. ఇక్కడ మెషిన్, అక్కడ కటింగ్ బల్ల, ఆ మూల ట్రయల్‌కి ఒక తెర.

"ఒకటి మందుల షాపుకి, ఒకటి సెలూన్‌కి అద్దెకి మాట్లాడేశాం వదినా" అన్నాడు మా మరిది.

"మరి నా మెషిన్?"

"మనింటి బాల్కనీలో వేసుకో. గాలీ వెలుతురూ" అన్నారు ఆయన. వరమిస్తున్నట్టే అన్నారు.

వాళ్ల లెక్క తప్పయి ఉంటే నాకింత భయం ఉండేది కాదేమో. లెక్క సరైనదే. ఆ షట్టర్లు బాగా కలిసొస్తాయి, వాళ్లకి.

మెట్లు దిగుతుంటే నా తోడికోడలు కాస్త కుంటుతోంది. చూస్తే చెప్పు తెగింది, పిన్నీసు పెట్టుకుంది. ఒకప్పుడు సొంతంగా కంప్యూటర్ సెంటర్ నడిపిన మనిషి. అది అమ్మి మొగుడి వ్యాపారంలో పెట్టింది. "కొత్తవి కొనుక్కోవచ్చుగా?" అన్నాను. "అడిగానక్కా. చూద్దాం అన్నారు" అంది మామూలుగా. ఏడ్చినా బాగుండేది. ఆ మామూలుతనానికే నా గుండె జారిపోయింది.

కుదరదని చెప్పొచ్చు కదా అంటారు. మా ఆయన చెయ్యెత్తే మనిషి కాదు. మాట్లాడటం మానేస్తారు. ఒకసారి మా అమ్మకి ఆపరేషన్ అంటే, అడక్కుండా వెళ్లి పక్కనుండి వచ్చాను. ఆ తరవాత నెలల తరబడి నాతో మాట్లాడలేదు. "మీ అమ్మని నీళ్లు పెట్టమను" అని నా ముందే మా పిల్లతో కబురు చెప్పేవారు. పిల్లకి అదో ఆటలా అలవాటైపోయింది. చివరికి నేనే, ఏ తప్పూ చెయ్యకపోయినా, క్షమించమన్నాను. ఆ నిశ్శబ్దం మళ్లీ ఇంట్లోకి వస్తుందన్న ఆలోచనకే నాకు చెమటలు పడతాయి.

రిజిస్ట్రార్ ఆఫీసులో కొనేవాళ్లు అప్పటికే వచ్చి కూర్చున్నారు. మా మరిది అందరికీ కాఫీలు తెప్పించాడు. నన్ను పిలిచారు. రిజిస్ట్రారు తలెత్తకుండా, వచ్చినవాళ్లందరినీ అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఇష్టపూర్వకంగానే అమ్ముతున్నారా?"

"అవునండీ" అన్నారు మా ఆయన.

"మిమ్మల్ని కాదు. ఆవిడే చెప్పాలి."

కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను. ఇంటికెళ్లాక జరగబోయేదంతా కళ్ల ముందు కనిపించింది. మూసుకునే తలుపు, తినకుండా వదిలేసే కంచం, అత్తయ్య నిట్టూర్పులు, నా మాట ఆయనకీ ఆయన మాట నాకూ మోస్తూ మధ్యలో పిల్ల. భయం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే ఈ జన్మకి నోరు తెరవనని అర్థమైంది.

"కొత్త షట్టర్లలో ఒకటి నా పేరు మీద రిజిస్టరైతే అమ్ముతానండీ" అన్నాను. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నొక్కారు. ఆ చెయ్యి అలా ఉండగానే మిగతాదీ చెప్పేశాను.

"అప్పటిదాకా నాకిష్టం లేదు."